ఆటుపోట్లు వేరు, అలల తాకిడి వేరు

సందేహం: సముద్రతీరపు రాళ్లమీద పెరిగే ఎర్ర నాచు గురించి రాస్తూ "ఆటుపోట్ల తాకిడికి తట్టుకుని నిలిచే నాచు" అన్నాను. అది తప్పు ప్రయోగమని ఒక మిత్రుడు అన్నాడు. నిజమేనా? ఎర్రగా కనబడని దాన్ని కూడా ఎర్ర నాచు అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాటే నిజం. పోటు అంటే సముద్రం పొంగి తీరంమీదికి రావడం, ఆటు అంటే వెనక్కి తగ్గడం. "జనం పోటెత్తారు" అనడంలో ఉన్నది ఈ పొంగే. చంద్రసూర్యుల ఆకర్షణవల్ల కలిగే ఈ రాకపోకలు నింపాదిగా సాగుతాయి. చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కత్తిపోటు, వెన్నుపోటు చెవిలో మెదలడంవల్లా, "జీవితంలో ఆటుపోట్లు" అని దెబ్బలన్నిటికీ వాడేయడంవల్లా మనకిది తాకిడిలా వినిపిస్తోంది. తాకేది అల, దాన్ని పుట్టించేది గాలి.

ఇది మాటల పట్టింపు మాత్రమే అయితే వదిలేద్దును. మీ వ్యాసంలో విషయమే తారుమారవుతోంది. నాచు రోజూ ఎంతసేపు నీటి బయట ఉండాలో తేల్చేవి ఆటుపోట్లు. దాన్ని రాతినుంచి పెరికేయజూసేవి అలలు. ఒడ్డు పైభాగాన పెరిగే పోర్ఫైరా అనే ఎర్ర నాచు ఆటువేళ ఒంట్లోని నీరు చాలావరకు పోగొట్టుకుని కాగితంలా ఎండిపోతుంది, పోటు రాగానే తేరుకుంటుంది. కొరల్లైనా అనే మరో ఎర్ర నాచు సంగతి వేరు. సున్నంతో గట్టిపడిన ముక్కల మధ్య దానికి సున్నం పట్టని కీళ్లుంటాయి, అల ఎటు తోస్తే అటు వంగుతుంది. మొదటిది ఆటుకు ఓర్చుకోవడం, రెండోది తాకిడికి.

ఈ రెండూ కలిసే చోటూ ఉంది. అలలు బలంగా విరిగే తీరంలో తుంపర పైదాకా చిమ్మి రాళ్లను తడుపుతుంది కనుక నాచు ఇంకాస్త పైకి పాకగలదు. అలలకు మరుగైన తీరంలో అదే జాతి దిగువనే ఆగిపోతుంది. రెండుచోట్లా ఆటుపోట్లు ఒకేలా ఉండవచ్చు. మారింది అలల జోరు. దీన్ని "ఆటుపోట్ల తాకిడి" అని రాసి చూడండి, అర్థం పొసగదు.

"అలల తాకిడిని తట్టుకుని" అనండి. ఎండ కూడా చెప్పదలిస్తే "ఆటువేళ ఎండకూ, అలల తాకిడికీ ఓర్చుకుని" అనవచ్చు.

ఇక రంగు. ఎర్ర నాచు అన్నది వర్గం పేరు. ఎరుపునిచ్చే ఫైకోఎరిత్రిన్ అనే రంగుపదార్థం ఎండ ఎక్కువైన చోట తగ్గి, నాచు గోధుమవన్నెలోనో పసుపుగానో కనిపించవచ్చు. "గోధుమవన్నె ఎర్ర నాచు" అని నిస్సంకోచంగా రాయండి. "ఎర్రని నాచు" అని మాత్రం రాయకండి. అది రంగును చెబుతుంది, వర్గాన్ని కాదు.