చేతిరాతను నున్నటి వెక్టర్‌గా మార్చాలంటే ప్లగిన్ కొనాలా?

సందేహం: పెళ్లి కార్డులకు, షార్ట్ ఫిల్మ్ టైటిళ్లకు బ్రష్ పెన్‌తో తెలుగు అక్షరాలు రాస్తాను. స్కాన్ చేసి, అడోబీ ఇలస్ట్రేటర్‌లో బొమ్మను తనంతట తానే గీతలుగా మార్చే ఇమేజ్ ట్రేస్ కొడితే వంపులన్నీ గతుకులుగా వస్తున్నాయి, ఒక్కో అక్షరంలో లెక్కలేనన్ని పాయింట్లు. ఇలస్ట్రేటర్‌కు అదనపు టూల్స్ ఇచ్చే ప్లగిన్ కొంటే ఈ తలనొప్పి తప్పుతుందా?

సమాధానం: కొంత తప్పుతుంది. వెక్టర్ అంటే పాయింట్లు, వాటిని కలిపే వంపు గీతలతో చేసిన బొమ్మ. అయితే ముందు గతుకులు ఎందుకు వస్తున్నాయో చూడండి. ఇమేజ్ ట్రేస్‌కు మీ అక్షరం తెలియదు. నలుపు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో అదొక్కటే దానికి తెలుసు. కాగితం గరుకుదనాన్ని, సిరా పాకిన చోటును కూడా అక్షరంలో భాగమనుకుని గీసేస్తుంది. బ్రష్ గరుకు అంచు అలాగే కనిపించాలనుకుంటే ట్రేస్ మంచిదే. నున్నటి వంపు కావాలంటే మాత్రం స్కాన్‌ను కింది లేయర్‌లో మసకగా పెట్టి లాక్ చేసి, పైన పెన్ టూల్‌తో మీరే గీయాలి.

పాయింట్లు ఎక్కడ పెట్టాలో తెలియడమే ఇందులో అసలు విద్య. వంపు బాగా పైకి, కిందికి, ఎడమకు, కుడికి వెళ్లిన చోట్ల పెట్టండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని హ్యాండిళ్లను (పాయింట్ నుంచి బయటికి వచ్చి వంపును తిప్పే పుల్లలను) అడ్డంగానో నిలువుగానో లాగండి. ఎలిప్స్ టూల్‌తో ఒక సున్న గీసి చూడండి, 4 పాయింట్లే ఉంటాయి. మీరు రాసిన సున్నకు కూడా బయటి అంచుకు 4, లోపలి అంచుకు 4 చాలు. ఠ, ర, వ లాంటి గుండ్రటి అక్షరాలకూ ఇదే పద్ధతి. తలకట్టు పదునుగా తిరిగే చోట మాత్రం కార్నర్ పాయింట్ (వంపు బదులు మూల వచ్చే పాయింట్) కావాలి. మన లిపి అంతా వంపులే కాబట్టి, ఒక్క పాయింట్ ఎక్కువైనా కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

ఈ పద్ధతి చేతికి వచ్చాక ప్లగిన్ విలువ తెలుస్తుంది. ఆస్ట్యూట్ గ్రాఫిక్స్ వారి వెక్టర్‌స్క్రైబ్‌లో స్మార్ట్ రిమూవ్ బ్రష్ ఉంది. పాయింట్లు గుంపుగా ఉన్న చోట దాన్ని రుద్దితే, ఆకారం వీలైనంత చెడకుండా అనవసరమైనవి తీసేస్తుంది. మీ పాత ట్రేస్ ఫైళ్లను బాగుచేయడానికి నేను మొదట చెప్పేది ఇదే. అదే సంస్థ ఇంక్‌స్క్రైబ్ పెన్ టూల్ స్థానంలో పనిచేస్తుంది. గీస్తూనే పాయింట్లను, హ్యాండిళ్లను సరిచేసుకోవచ్చు. గీత మందం మార్చడానికి విడ్త్‌స్క్రైబ్ ఉంది కానీ, ఇలస్ట్రేటర్ సొంత విడ్త్ టూల్‌తోనే చాలా పని జరుగుతుంది.

వీటికి ఏటా చందా కట్టాలి. రోజూ లెటరింగ్ పని ఉంటే కట్టండి. ఎప్పుడో ఒక టైటిల్ చేసేవారికి అవసరం లేదు, ఇలస్ట్రేటర్‌లోని, పాయింట్లు తగ్గించే సింప్లిఫై, వంపును నున్నగా చేసే స్మూత్ టూల్ చాలు. కొనే ముందు ట్రయల్ వేసుకుని, మిమ్మల్ని బాగా ఏడిపించిన ఫైల్ మీదే పరీక్షించండి. కోరల్‌డ్రా అనే మరో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్లగిన్లు పనిచేయవు. అందులో షేప్ టూల్ తీసుకుంటే పైన రెడ్యూస్ నోడ్స్ (నోడ్స్ అంటే పాయింట్లే) కనిపిస్తుంది.

డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. నోడ్ టూల్‌తో ఒక పాయింట్ ఎంచుకుని డిలీట్ నొక్కితే, మిగిలిన వంపును ఆకారం నిలిచేలా సర్దుతుంది. పెన్ టూల్‌లో స్పైరో మోడ్ పెట్టి గీస్తే మలుపులు చాలా హాయిగా వస్తాయి. కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే సింప్లిఫై అవుతుంది. వెంటవెంటనే నొక్కుతూ పోతే మాత్రం ఆకారం కరిగిపోతుంది, జాగ్రత్త.

సందేహం: ఇలా గీసిన అక్షరాలతో సొంత తెలుగు ఫాంట్ చేసుకోవచ్చా?

సమాధానం: చేసుకోవచ్చు, కానీ అచ్చులు, హల్లులు గీస్తే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు ఏ అక్షరంతో ఎలా కలవాలో ఓపెన్‌టైప్ నియమాలు (ఫాంట్ ఫైల్‌లో రాసే సూచనలు) రాయాలి. దానికి ఉచితంగా దొరికే ఫాంట్‌ఫోర్జ్ ఉంది, మ్యాక్ ఉన్నవారికి డబ్బు పెట్టి కొనే గ్లిఫ్స్ ఉంది. ముందు క గుణింతం, దాని ఒత్తు మాత్రం చేసి, ‘చక్కెర’, ‘ఎక్కువ’ టైప్ చేయడానికి కావలసిన అక్షరాలు కలపండి. అవి సరిగ్గా కూర్చున్నాక మిగతా అక్షరాల జోలికి వెళ్లండి.