గాల్వెస్టన్ దీవికి గైడెందుకు తమ్ముడూ?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. ఉద్యోగం మీద హూస్టన్ వచ్చి ఐదు నెలలైంది. డిసెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లను గాల్వెస్టన్ దీవి చూపించాలని ఉంది. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. గైడ్ ఉన్న టూర్ తీసుకోవాలా, మా కారులో మేమే తిరిగి చూడొచ్చా? ఎంత ఖర్చవుతుంది?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న నేను చిక్కడపల్లిలో అమ్మ వాళ్లింట్లో కూర్చుని చదివాను. రెండు నెలల సెలవు మీద హైదరాబాద్ వచ్చాను. అమ్మకు కూడా వినిపించాను. "గాల్వెస్టన్ అంటే మీ కారు ఇసుకలో దిగబడ్డ ఊరే కదా" అంది. ఇరవై ఏళ్లయినా ఆవిడకు ఆ దీవి గురించి ముందు గుర్తొచ్చేది అదే.

గైడ్ వద్దు. పైసలు దండగ. ఆ ఊరు కారులో తిరగడానికే కట్టినట్టుంటుంది. అడ్డంగా నంబర్ల వీధులు, నిలువుగా ఇంగ్లిష్ అక్షరాల అవెన్యూలు. మధ్యలో ఎం అవెన్యూకీ ఎన్ అవెన్యూకీ నడుమ ఎం-అర అని ఇంకో అవెన్యూ కూడా వస్తుంది, కంగారు పడకు. మన బర్కత్‌పురా గల్లీల్లో ఇల్లు వెతికినవాడికి అదొక లెక్కా?

ఇక ఖర్చు. ముందు నేనెంత పోగొట్టుకున్నానో చెబుతా. అప్పుడు నీకు ఎంతవుతుందో నువ్వే లెక్క కట్టుకోవచ్చు.

2005లో, పెళ్లయిన కొత్తలో, మాకు కారు లేదు. మా ఆయనకు 24 ఏళ్లు. ఓ శనివారం ఆయనా, నేనూ, ఆయన స్నేహితుడూ కలిసి అద్దె కారు తీసుకున్నాం. రోజుకు 35 డాలర్లని చూసి ఎగిరి గంతేశాం. కౌంటర్ దగ్గరికి వెళ్లాక తెలిసింది, 25 ఏళ్లు నిండని డ్రైవర్‌కు రోజుకు వేరే చార్జీ ఉంటుందని. తర్వాత ఇన్సూరెన్సు. తర్వాత ముందే కొనుక్కునే పెట్రోలు. అంటే ట్యాంకు నిండుగా ఇస్తారు, దానికి డబ్బు ముందే కట్టేస్తాం, ఖాళీ చేసి తెచ్చినా సగం మిగిల్చి తెచ్చినా ఒకటే. మా ఆయన అక్కడున్నామె వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. పరాయి దేశంలో చదివి సంతకం పెడితే అనుమానిస్తున్నట్టు ఉంటుందట! సాయంత్రం ముప్పాతిక ట్యాంకుతో కారు తిరిగిచ్చాం.

దీవికి ఐ-45 హైవే మీద నేరుగా వెళ్లిపోవచ్చు. హూస్టన్ నుంచి 50 మైళ్లు, పైసా టోల్ లేదు. సముద్రపు పాయ మీద కట్టిన పొడుగాటి కాజ్‌వే దాటితే దీవే. కానీ మేం ఉన్న ఇంటి నుంచి ఐ-45 ఎక్కేలోపే తప్పు దారిలో టోల్ రోడ్డెక్కాం. చిల్లర వేసే లైన్ వదిలేసి ట్యాగ్ ఉన్నవాళ్ల లైన్‌లోంచి దర్జాగా వెళ్లాం. నెల తర్వాత ఇంటికి కాగితం వచ్చింది. టోల్ డాలరూ చిల్లరా. దాని మీద జరిమానా. ఆ జరిమానా మాకు పంపినందుకు అద్దె కంపెనీ ఫీజు. మొత్తం 46 డాలర్లు.

మధ్యాహ్నం సముద్రం ఎదురుగా ఒక హోటల్లో కూర్చున్నాం. కిటికీ పక్కన టేబుల్ ఇచ్చారు, మురిసిపోయాం. నేను శాకాహారిని. తినడానికి దొరికింది ఉడికిన బంగాళాదుంప ఒకటి. ముగ్గురికీ టిప్పుతో కలిపి 83 డాలర్లు. బయటికొచ్చి రైలింగ్ పట్టుకుని చూస్తే నీళ్లేమో గోధుమ రంగులో ఉన్నాయి. నీలి సముద్రం కోసం కెమెరా రీలు కొన్న డబ్బు అదనం. ఆ రంగు మురికి కాదు. మిసిసిప్పీ లాంటి నదులు తెచ్చే ఒండ్రు, లోతు లేని తీరంలో అలలకు రేగే బురద, ఈ రెండూ కలిసి అలా కనిపిస్తాయి. మీ అమ్మానాన్నకు ఈ సంగతి ముందే చెప్పు. లేకపోతే "దీనికా ఇంత దూరం, మన హుస్సేన్‌సాగర్ లేదా" అంటారు.

ఆఖరి ముచ్చట ఇసుకది. దీవికి పడమటి కొస శాన్ లూయిస్ పాస్. అక్కడ వంతెనకు టోల్ ఉంది. తెలీక దాటాం, కట్టాం, అవతల చేసేదేమీ లేక తిరిగొచ్చాం. వచ్చి, నలుగురి కార్లూ ఇసుక మీద ఉన్నాయి కదా అని మాదీ దింపాం. ఆ కార్లన్నీ పికప్ ట్రక్కులని గమనించలేదు. మాది చిన్న కారు, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. టో ట్రక్ పిలిస్తే ఎంతడుగుతాడోనని నాకు ఏడుపొచ్చింది. ఇసుకలో నడిపితే ఇన్సూరెన్సు వర్తించదని కాగితాల్లో రాసుందట, అదీ అప్పుడే చదివాం. చివరికి చేపలు పట్టుకుంటున్న ఒక పెద్దాయన తన ట్రక్కుకు తాడు కట్టి లాగేశాడు. ఇరవై డాలర్లిస్తే తీసుకోలేదు. ఆ రోజు మొత్తం మీద మాకు మిగిలింది ఆ ఇరవయ్యే.

అంతా కలిపి లెక్క చూస్తే 312 డాలర్లు. అప్పుడు డాలర్ 44 రూపాయలు. అంటే పదమూడు వేల ఏడు వందల పైచిలుకు. మా నాన్న నెల పింఛను అంత లేదు. స్నేహితుడి వాటా ఇంకా రావాలి.

అదే దీవికి ఆ తర్వాత పదిహేనుసార్లు వెళ్లి ఉంటాను. పెట్రోలు కాకుండా ఇరవై డాలర్లు దాటించింది అరుదు. నీకు సొంత కారుంది కాబట్టి సగం గండాలు తప్పినట్టే. లైసెన్సు, ఇన్సూరెన్సు రూల్స్ టెక్సాస్ ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చూసుకో. సీవాల్ అనే సముద్రపు అడ్డుగోడ పక్కన పార్కింగ్‌కు ఇప్పుడు ఫోన్‌లో డబ్బు కట్టాలి. మా రోజుల్లో ఊరికే పెట్టేవాళ్లం.

కాజ్‌వే దిగగానే రోడ్డే బ్రాడ్‌వే అవుతుంది. ఆ ఒక్క రోడ్డు మీదే సగం చరిత్ర ఉంది. ముందు మూడీ మాన్షన్, 1895 నాటిది. 25వ వీధి దగ్గర టెక్సాస్ వీరుల స్తంభం. దాన్ని దాటగానే 1859లో కట్టిన యాష్టన్ విల్లా. ఇంకా తూర్పుకు పోతే 14వ వీధి దగ్గర బిషప్స్ ప్యాలెస్. నికొలస్ క్లేటన్ అనే ఆర్కిటెక్టు వాల్టర్ గ్రెషమ్ అనే లాయర్ కోసం కట్టిన రాతి మేడ అది. 1923లో క్యాథలిక్ చర్చి కొన్నాక ఆ పేరొచ్చింది. దాని వెనక ఈస్ట్ ఎండ్ వీధుల్లో నెమ్మదిగా నడుపు. 2008లో ఐక్ తుఫాను ఉప్పునీటికి వేల చెట్లు చచ్చిపోయాయి. కొందరు ఇంటివాళ్లు ఆ మొద్దులను కొట్టేయించకుండా బొమ్మలు చెక్కించుకున్నారు. కుక్కలు, కొంగలు, దేవకన్యలు. కారు దిగక్కర్లేదు, టికెట్ లేదు.

1900 సెప్టెంబర్ 8 గురించి మీవాళ్లకు ఇంటి దగ్గరే చెప్పి బయల్దేరు. ఆ రాత్రి తుఫాను ఆరు వేల నుంచి ఎనిమిది వేల మందిని, ఇంకా ఎక్కువేనంటారు, మింగేసింది. అమెరికా చరిత్రలో అంతమందిని చంపిన ప్రకృతి విపత్తు ఇంకోటి లేదు. తర్వాత వాళ్లు 17 అడుగుల ఎత్తు గోడ కట్టారు. 1902లో మొదలుపెట్టి 1904కి మూడు మైళ్లకు పైగా లేపారు, ఇప్పుడది పది మైళ్లు. గోడ ఒక్కటే కాదు, ఊరినే ఎత్తు చేశారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీల మీద లేపి, కింద సముద్రపు ఇసుకను నీళ్లతో కలిపి పంపు చేశారు. జనం నెలల తరబడి చెక్క వంతెనల మీద నడిచారు. నాకు నచ్చిన ముక్క ఏంటంటే, ఇసుక నింపడం సర్కారు ఖర్చు, ఎవరి ఇల్లు వాళ్లు లేపుకోవడం మాత్రం ఎవరి ఖర్చు వాళ్లది. ఎవడి దగ్గర అప్పు తెచ్చారో పాపం.

2010లో అమ్మను తీసుకెళ్లినప్పుడు ఈ కథంతా కారులో చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మనకు 1908లో మూసీ రాలేదా" అంది. అదీ సెప్టెంబరే. అమ్మ వాళ్ల తాతయ్య అప్పుడు పదమూడేళ్లవాడట, అఫ్జల్‌గంజ్ వైపు ఉండేవాళ్లు. ఆస్పత్రి తోటలో చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రిలో ఉంది. వరద తర్వాత నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు, గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయి. గాల్వెస్టన్‌లో గోడ, మనకు చెరువులు. ఫెర్రీ మీద, అంటే కార్లు కూడా ఎక్కే పడవ మీద, అవతలి ఒడ్డుకు దాటి బొలివర్ దీపస్తంభం చూపించి, "ఆ తుఫానులో ఇందులో దాక్కుని నూట పాతిక మంది దాకా బతికారమ్మా" అంటే, అమ్మ మెట్ల సంగతడిగింది. "చెట్టు కంటే నయం, కూర్చోడానికి మెట్లున్నాయి" అంది.

ఆ ఫెర్రీ మాత్రం వదులుకోకు. కారుతో సహా ఎక్కించి పావుగంట పైగా సముద్రంలో తీసుకెళ్తారు, ఉచితం! టెక్సాస్ ప్రభుత్వమే నడుపుతుంది. ఇలాంటి సవారీకి వేరే చోట మనిషికి పది డాలర్లు గుంజుతారు. డాల్ఫిన్లు కనిపిస్తాయి. నేను మూడుసార్లలో రెండుసార్లు చూశాను. శని ఆదివారాల్లో కార్ల వరుస పొడుగ్గా ఉంటే, కారు పక్కన పెట్టి నడిచి ఎక్కి, అదే ఫెర్రీలో తిరిగొచ్చేయండి.

స్ట్రాండ్ అనే పాత బజారు వీధి నడిచి చూడాల్సిందే. 22వ వీధి మూల దగ్గర పెద్ద గోడబొమ్మ ఉంటుంది, అది చెప్పే కథ ఇది. 1865 జూన్ 19న గోర్డన్ గ్రాంజర్ అనే జనరల్ ఈ ఊళ్లోనే, టెక్సాస్ బానిసలందరికీ స్వేచ్ఛ వచ్చిందని ఉత్తర్వు వెలువరించాడు. బానిసలకు స్వేచ్ఛనిస్తూ లింకన్ చేసిన ప్రకటన 1863 జనవరిలోనే అమల్లోకొచ్చింది. అంటే రెండున్నరేళ్లు, రెండున్నర లక్షల మంది, కూలి లేకుండా. ఆ జూన్ 19 గుర్తుగా జరుపుకునే జూన్‌టీంత్‌కు మీ ఆఫీసు సెలవిచ్చినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకో. అక్కడి దుకాణాల్లో మిఠాయిలు, టోపీలు, గవ్వలు అమ్ముతారు. చూడండి, కొనొద్దు. దగ్గర్లోనే 21వ పియర్ దగ్గర ఎలిస్సా అనే తెరచాప ఓడ ఉంది. 1877లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో కట్టారు. గ్రీసులో తుక్కు కింద పోబోతుంటే టెక్సాస్ వాళ్లు కొని తెచ్చి బాగు చేసుకున్నారు. రేవులోంచే చూస్తే బాగా కనిపిస్తుంది. మీ నాన్నకు ఓడలంటే ఇష్టమైతే టికెట్ కొను, లేకపోతే వద్దు.

నీళ్లలో దిగితే రాతి గట్ల పక్కన దిగొద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. శాన్ లూయిస్ పాస్ దగ్గర అసలే వద్దు. ఇది డబ్బు సంగతి కాదు.

తిండి ఇంటి నుంచే. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, చిన్న ఐసు పెట్టె. మేం పొద్దున్నే పియర్లాండ్ మీనాక్షి గుడికి వెళ్లి దర్శనం చేసుకుని అటు నుంచి అటే దీవికి పోతాం, రెండు పనులూ ఒక పెట్రోలుతో అయిపోతాయి. సీవాల్ మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే ఎవరూ ఏమీ అనరు. కొత్తలో నేను సిగ్గుపడి డబ్బా కారులోనే దాచాను. నువ్వు అంత అమాయకత్వం చెయ్యకు. సీగల్ పక్షులు మాత్రం చేతిలోంచి లాక్కుపోతాయి, జాగ్రత్త.

అన్నింటికీ వద్దు వద్దు అంటున్నాను కదా, ఒక్కటి కొను. బిషప్స్ ప్యాలెస్ టికెట్. 2010లో అమ్మతో ఆ ఇనుప కటకటాల ముందు నిలబడ్డాను. 1900 తుఫాను రాత్రి వందల మంది ఆ రాతి గోడల లోపల తలదాచుకున్నారని చెప్పాను. అమ్మ లోపలికి వెళ్దామంది. ముగ్గురికీ టికెట్లు లెక్కేసి, రూపాయల్లోకి మార్చి, "లోపల ఏం లేదమ్మా, ఖాళీ ఇల్లు" అన్నాను. అమ్మ సరేనని కటకటాలు పట్టుకుని కాసేపు చూసి కారెక్కింది. మూడేళ్ల తర్వాత మా ఆఫీసు వాళ్లతో నేను లోపలికి వెళ్లాను. చెక్కిన చెక్క మెట్లు, రంగు అద్దాలు, ఒక్కో గదికి చలి కాచుకునే ఒక్కో పొయ్యి.

నిన్న సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. వాళ్లబ్బాయి కూడా టెక్సాస్ వెళ్తున్నాడట. అమ్మ ఆవిడకు ఫెర్రీ గురించి, చెట్ల బొమ్మల గురించి అంతా వర్ణించి చెప్పింది. "ఒక పెద్ద రాతి మేడ కూడా ఉంది, బయటికి బాగుంటుంది. లోపల మాత్రం ఏమీ లేదట" అంది. నేను టీ కలపడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.