గో లాంగ్వేజ్‌లో ఫైల్ క్లోజ్ చేసేటప్పుడు వచ్చే ఎర్రర్ వదిలేయొచ్చా?

భీమవరం రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసే ప్రోగ్రామ్‌లో ‘డిఫర్ ఎఫ్.క్లోజ్()’ (ఫంక్షన్ ముగిసేటప్పుడు ఫైల్‌ని మూసేసే లైన్) ఒక్కటి పెడితే సరిపోతుందా అని అడిగారు కదా. చదవడానికే తెరిచిన ఫైలైతే సరిపోతుంది. రాసే ఫైలైతే మాత్రం అలా వదిలేయకండి, ఎందుకంటే రైట్ బాగానే జరిగినట్టు కనిపించినా నెట్‌వర్క్ డ్రైవ్‌లో చోటు అయిపోయిన సంగతి ఒక్కోసారి క్లోజ్ దగ్గరే బయటపడుతుంది, డిఫర్ ఏమో ఆ ఎర్రర్‌ని అక్కడే పారేస్తుంది, ఆ రోజు మేత లెక్క సగమే మిగిలినా మీకు తెలియదు. ఫంక్షన్ రిటర్న్ చేసే ఎర్రర్‌కి ఒక పేరు పెట్టండి, డిఫర్‌లో చిన్న ఫంక్షన్ రాసి, క్లోజ్ ఇచ్చిన ఎర్రర్‌ని ‘ఎర్రర్స్.జాయిన్’తో దానికి కలపండి (ఇది గో 1.20 వెర్షన్ నుంచి ఉంది). ముందే ఉన్న ఎర్రర్ మీద రాసేయొద్దు, అసలు కారణం అందులోనే ఉంటుంది. కరెంటు పోయినా డేటా నిలవాలంటే క్లోజ్ చాలదండి, దానికి ముందు ‘సింక్’ (డేటాని డిస్క్ మీదకి రాయించే ఫంక్షన్) కాల్ చేసి దాని ఎర్రర్ కూడా చూడాలి.