గడప లోపలి పని: పునరావాస రంగంలో ఉద్యోగాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే రంగం గురించి అడిగినవి. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోగులకు, వైకల్యంతో పుట్టిన పిల్లలకు, దీర్ఘకాలిక మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవారికి వాళ్ల ఇంటి దగ్గరే తోడ్పాటు అందించే ఉద్యోగాల గురించి పాఠకులు అడిగారు. వాటిలో ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సమాజ ఆధారిత పునరావాసం అనే మాట ఈమధ్యనే విన్నాను. ఆసుపత్రిలో జరిగే ఫిజియోథెరపీకి, దీనికి తేడా ఏమిటి? ఇందులో ఎలాంటి ఉద్యోగాలు ఉంటాయి? (ఒక విద్యార్థిని)

జవాబు: తేడా అంతా పని జరిగే చోటులో ఉంది. పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రిలోని చదునైన నేల మీద, రెండు వైపులా కడ్డీలు పట్టుకుని ఇరవై అడుగులు వేస్తే, కేస్ షీటులో 'నడక మెరుగుపడింది' అని రాస్తారు. అదే మనిషి ఇంటికి వెళ్లాక స్నానాల గది ముందున్న 15 సెంటీమీటర్ల మెట్టు ఎక్కలేక, ఎవరైనా వచ్చి పట్టుకునేదాకా మంచం మీదే కూర్చుంటాడు. ఆసుపత్రివాళ్లు రాసినది అబద్ధం కాదు, కానీ ఆ మెరుగుదల ఆయన దినచర్యలోకి రాలేదు. సమాజ ఆధారిత పునరావాసంలో పనిచేసేవారు ఆ మెట్టు దగ్గర పని మొదలుపెడతారు.

అక్కడ చేయవలసింది చూడటానికి చిన్న పనే. చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపుకు సాధారణంగా పాటించే వాలు 1:12, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. గది ముందు అంత జాగా లేకపోతే మెట్టును రెండు చిన్న మెట్లుగా చేయాలా, గోడకు కడ్డీ బిగించాలా, లేక స్నానం చేసే చోటునే మార్చాలా అన్నది ఇంటివాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. కడ్డీని రోగి బలంగా ఉన్న చెయ్యి వైపు బిగించమని అందరూ చెబుతారు. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపున్న కడ్డీ బయటికి వచ్చేటప్పుడు ఎడమవైపుకు వస్తుందన్న సంగతి మాత్రం చాలామందికి మేస్త్రీ పని ముగించి వెళ్లిపోయాకే గుర్తొస్తుంది. నాకూ మొదటిసారి అలాగే గుర్తొచ్చింది.

ఈ పద్ధతిని, ప్రాథమిక ఆరోగ్య సేవలు అందరికీ అందాలన్న 1978 నాటి అల్మా అటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చింది. నిపుణులు చేరలేని చోట కుటుంబ సభ్యులకు, స్థానిక కార్యకర్తలకు సులభమైన మెలకువలు నేర్పడమే మొదట్లో దీని ప్రధాన ఉద్దేశం. వ్యాయామం ఒక్కటే మనిషిని బడికి గానీ, పనికి గానీ, పెళ్లి పందిరికి గానీ చేర్చదని అనుభవంలో తేలాక దీని పరిధి పెరిగింది. 2010లో వెలువడిన మార్గదర్శకాలు ఆరోగ్యం, విద్య, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత అని ఐదు విభాగాలు చేసి, ఒక్కొక్కదానిలో ఐదేసి చొప్పున మొత్తం 25 అంశాలను చేర్చాయి.

ఉద్యోగాలు కూడా ఈ విభాగాల వెంటే వస్తాయి. ఆరోగ్యం వైపు ఫిజియోథెరపిస్టులు, స్నానం, దుస్తులు వంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు, మానసిక ఆరోగ్య నర్సులు ఉంటారు. విద్య వైపు ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు, జీవనోపాధి వైపు ఉద్యోగంలో కుదురుకునేదాకా తోడుండే జాబ్ కోచ్‌లు, మిగతా రెండింటిలో సామాజిక కార్యకర్తలు, ఒక్కో కుటుంబానికి కావలసిన సేవలను సమన్వయం చేసే కేస్ మేనేజర్లు, హక్కుల సంఘాలను నడిపేవారు కనిపిస్తారు. వీరందరికీ ఇంటిని పరిచయం చేసేది క్షేత్రస్థాయి పునరావాస కార్యకర్త. హోదాల పట్టికలో ఆ పేరు అట్టడుగున ఉంటుంది, కానీ ఆ ఒక్కరు మానేస్తే పైవారెవరికీ తలుపు తెరుచుకోదు.

మీరు ఏ డిగ్రీ చదువుతున్నారో రాయలేదు. ఏదైనప్పటికీ, కోర్సు ఎంచుకునే ముందు ఒక క్షేత్ర కార్యకర్త వెంట వారం రోజులు తిరగండి. ఒకే పనిని ఒకే ఇంట్లో ఇరవైసార్లు ఓపికగా చూడగలరా లేదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఆరేళ్లుగా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా ఉన్నాను. ఇళ్లకు వెళ్లి చేసే సేవల వైపు మారాలని ఉంది. అలా వెళితే నైపుణ్యం తుప్పు పడుతుందని, జీతం కూడా తగ్గుతుందని తోటివారు అంటున్నారు. నిజమేనా? (ఒక ఫిజియోథెరపిస్టు)

జవాబు: కొంత నిజమే. పెద్ద యంత్రాలతో చేసే చికిత్సలు, శస్త్రచికిత్స జరిగిన మర్నాడే మొదలుపెట్టే పనులు చేతికి దూరమవుతాయి. వాటిమీద మక్కువ ఉన్నవారు ఆసుపత్రిలోనే ఉండటం మంచిది. అయితే ఇళ్లకు వెళ్లే పనికి నైపుణ్యం తక్కువ చాలుననుకుంటే పొరపాటు. అక్కడ అడగడానికి పక్కన సీనియర్ ఉండరు, స్కాన్ ఉండదు. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడుతోందంటే అది బెణుకు కాకపోవచ్చని, రక్తం గడ్డకట్టి ఉండవచ్చని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి పంపించవలసింది మీరొక్కరే. తుంటి దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదంటే ఒత్తిడి పుండు మొదలవుతోందని గుర్తుపట్టవలసిందీ మీరే.

మారేది మరొకటి ఉంది. ఆసుపత్రిలో చేసేది మీ చేతులు, ఇంట్లో చేయవలసింది ఇంటివాళ్ల చేతులు. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడగడమే తీసుకోండి. ముందు బలహీనమైన చేతిని చొక్కా చేతిలో దూర్చి, ఆ తర్వాత బలమైన చేతికి తొడగాలి. విప్పేటప్పుడు బలమైన చెయ్యి ముందు, బలహీనమైన చెయ్యి ఆఖరున. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది, కానీ నలభై ఏళ్లుగా భర్త చొక్కా గుండీ ఏనాడూ ముట్టని భార్యకు, తన చొక్కా తానే తొడుక్కోవాలన్న పట్టుదల ఉన్న భర్తకు ఇద్దరికీ ఒకేసారి నేర్పాలంటే నాలుగు వారాలు పట్టవచ్చు. ఆమె ప్రేమ కొద్దీ పని మొత్తం తానే చేసేస్తుంది. ఆమె మనసు నొచ్చుకోకుండా ఆ చేతిని ఆపడం ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడని నైపుణ్యం.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పేటప్పుడు పనిని చివరి నుంచి మొదలుపెట్టే పద్ధతి కూడా ఇంట్లోనే బాగా కుదురుతుంది. నిక్కరు తొడగడంలో అన్ని మెట్లూ తల్లే చేసి, నడుము దగ్గరికి లాగడం ఒక్కటి బిడ్డకు వదిలేస్తుంది. పని పూర్తయిన సంతోషం బిడ్డకే దక్కుతుంది. అది వచ్చాక మోకాళ్ల నుంచి లాగడం, ఆపైన కాళ్లు దూర్చడం ఇలా వెనక్కి వెళతారు. ఆసుపత్రిలో అరగంట అపాయింట్‌మెంటులో దీన్ని చూపించవచ్చు గానీ, రోజూ జరిగేలా చేయలేము.

జీతం సంగతి. చాలా చోట్ల ఈ కార్యక్రమాలు నిర్ణీత కాలపు నిధులతో నడుస్తాయి కనుక ఉద్యోగ భద్రత తక్కువగా ఉంటుంది. ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కరికి ఎన్ని కుటుంబాలు అప్పగిస్తారు, ప్రయాణ సమయాన్ని పనిగంటల్లో లెక్కిస్తారా, కష్టమైన కేసు వచ్చినప్పుడు ఎవరిని సంప్రదించాలి, నిధులు ముగిసిన తర్వాత ఈ కుటుంబాలను ఎవరు చూస్తారు. చివరి ప్రశ్నకు తడుముకునే సంస్థలో చేరడానికి నేనైతే తొందరపడను.

పై పదవులకు దారి లేదని మాత్రం అనుకోకండి. తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలలో చాలాచోట్ల పది లక్షల జనాభాకు పదిమంది పునరావాస నిపుణులు కూడా లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన ఏ నిపుణుడూ అన్ని ఇళ్లకూ స్వయంగా వెళ్లలేడు. అందుకే రెండు మూడేళ్ల క్షేత్రానుభవం ఉన్న థెరపిస్టుకు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పని, వారి కేసులను పర్యవేక్షించే పని, కార్యక్రమాన్ని రూపొందించే పని త్వరగానే చేతికి వస్తాయి. ఇళ్లకు వెళ్లకుండా నేరుగా ఆ కుర్చీలో కూర్చున్నవారు తయారుచేసే ఫారాలు మాత్రం చూడగానే తెలిసిపోతాయి. వాటిలో అన్నిటికీ గళ్లుంటాయి, రోగి తనకేం కావాలో చెప్పుకోవడానికి తప్ప.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లుగా స్కిజోఫ్రెనియా ఉంది. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాడు. నాకు పెద్ద చదువు లేదు కానీ ఈ జబ్బుతో ఎలా బతకాలో తెలుసు. ఈ అనుభవం ఏదైనా ఉద్యోగానికి పనికొస్తుందా? (ఒక తల్లి)

జవాబు: తప్పకుండా పనికొస్తుందమ్మా. అనారోగ్యాన్ని స్వయంగా అనుభవించినవారు తోటివారికి తోడుగా నిలిచే పనిని పీర్ సపోర్ట్ అంటారు. కుటుంబ సభ్యులు ఇతర కుటుంబాలకు అదే విధంగా తోడు నిలుస్తారు. కొన్ని దేశాలలో ఇవి జీతం, శిక్షణ, గుర్తింపు ఉన్న ఉద్యోగాలు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 26వ అధికరణం పునరావాసం గురించి చెబుతూ, తోటివారి తోడ్పాటును పేరుపెట్టి ప్రస్తావించింది. అంతకు చాలా ముందే, 1948లో న్యూయార్క్‌లో మొదలైన ఫౌంటెన్ హౌస్‌లో మానసిక ఆసుపత్రి నుంచి బయటికి వచ్చినవారే సభ్యులుగా చేరి, సిబ్బందితో కలిసి రోజువారీ పనులు చూసుకునే పద్ధతి పెరిగింది. వారిని అక్కడ రోగులని పిలవరు, సభ్యులంటారు.

అయితే అనుభవం ఒక్కటే సరిపోదు, దాన్ని వాడే పద్ధతి నేర్చుకోవాలి. మీరు వెళ్లిన ఇంట్లో మరో తల్లి, కొడుకు మాత్రలు మింగినట్టు నటించి పరుపు కింద దాస్తున్నాడని చెప్పిందనుకోండి. 'మా వాడూ అంతే' అన్న మాట మీ నోటి చివరిదాకా వస్తుంది. ఆ మాట ఒక్కసారి అనవచ్చు, ఆమెకు ధైర్యం కలుగుతుంది. తర్వాతి అరగంట మీ కథే నడిచిందంటే మాత్రం ఆమె కథ మిగిలిపోతుంది. ఆ అబ్బాయి మాత్రలెందుకు వద్దంటున్నాడో, నిద్రమత్తు వల్లనా, బరువు పెరగడం వల్లనా అని అడిగించి, వైద్యుడి దాకా ఆ సంగతి చేరేలా చూడటం మీ పని. మాత్ర మోతాదు మార్చమని సలహా ఇవ్వడం మీ పని కాదు. ఈ గీత ఎక్కడ గీయాలో నేర్పని శిక్షణను శిక్షణ అనలేము.

మీ అబ్బాయి గురించి కూడా ఒక మాట. పూర్తిగా నయమైతేనే, ఏళ్లతరబడి శిక్షణ పొందితేనే ఉద్యోగం అన్నది పాత పద్ధతి. మొదట అతనికి నచ్చిన మామూలు ఉద్యోగంలో చేర్చి, ఆ తర్వాత జాబ్ కోచ్ వెంట ఉండి సర్దుకునేలా చూసే పద్ధతి అనేక దేశాలలో జరిగిన పరిశోధనల్లో పాత పద్ధతికన్నా మెరుగైన ఫలితాలిచ్చింది. మీ వైద్య బృందాన్ని దాని గురించి అడగండి.

ఇక జీతం అడగడానికి సంకోచించకండి. 'సేవాభావం ఉంటే చాలు' అని మొదలయ్యే ప్రకటన చూస్తే జీతం గురించి ఆ కింద ఏమీ ఉండదని నాకు ముందే తెలిసిపోతుంది. అనుభవం విలువైనదని ఒప్పుకున్నవారు దానికి వెలకూడా కట్టాలి.

ప్రశ్న: ఈ ఉద్యోగాలకు లైసెన్సు కావాలా? (ఒక పాఠకుడు)

జవాబు: ఏ ఉద్యోగమన్నదాన్ని బట్టి ఉంటుంది. థెరపిస్టుల వృత్తులకు చాలా దేశాలలో చట్టబద్ధమైన నమోదు ఉంటుంది. క్షేత్ర కార్యకర్తలకు సాధారణంగా స్వల్పకాలిక శిక్షణ సరిపోతుంది. ఫీజు కట్టే ముందు కోర్సుకు ఆ వృత్తిని నియంత్రించే మండలి గుర్తింపు ఉందో లేదో మండలి దగ్గరే తెలుసుకోండి, కళాశాల మాట మీద ఆధారపడకండి. క్షేత్ర శిక్షణ ఎన్ని గంటలో, ఎక్కడో కూడా అడగండి. ఆక్యుపేషనల్ థెరపీ విషయంలో ఆ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య నిర్దేశించినది కనీసం 1000 గంటలు. అన్ని గంటలూ ఒకే ఆసుపత్రిలో గడిపిస్తే ఇళ్లలో పనికి మీరు కొత్తవారే అవుతారు.

ప్రశ్న: రెండేళ్లుగా క్షేత్ర కార్యకర్తగా ఉన్నాను. ఒక కుటుంబం రాత్రి పదింటికి కూడా ఫోన్ చేస్తుంది. 'నువ్వు మా ఇంటి బిడ్డవి, నువ్వొస్తేనే పిల్లవాడు కుదురుగా ఉంటాడు' అంటారు. కాదనలేకపోతున్నాను, అలసిపోతున్నాను. ఉద్యోగం మానేయాలా? (ఒక కార్యకర్త)

జవాబు: మానేయడం గురించి తర్వాత ఆలోచిద్దాం. మీరు వస్తేనే పిల్లవాడు కుదురుగా ఉంటాడన్న మాట మెచ్చుకోలుగా వినిపించినా, ఈ వృత్తిలో అది హెచ్చరిక. రెండేళ్లు వెళ్లిన తర్వాత కూడా ఆ ఇంటికి మీరే దిక్కు అయితే, పని మీ చేతుల్లోంచి తల్లి చేతుల్లోకి ఇంకా వెళ్లలేదన్నమాట. తప్పు మీ ఒక్కరిదే అనను. ఎన్ని ఇళ్లకు వెళ్లారో లెక్కపెట్టి, ఎన్ని ఇళ్లకు వెళ్లనవసరం లేకుండా పోయిందో అడగని సంస్థలో ఇలాగే జరుగుతుంది.

ముందు ఫోన్ సంగతి మీ పర్యవేక్షకులకు చెప్పండి. పనివేళలు కుటుంబానికి సంస్థ తరఫున తెలియాలి, మీరొక్కరే చెప్పుకోవలసిన గతి పట్టకూడదు. అదే సమయంలో మూర్ఛ వంటి అత్యవసరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఆ ఇంటి గోడకు అంటించండి. రాత్రి పూట వచ్చే ఫోన్లలో చాలావాటి వెనుక భయమే ఉంటుంది. ఆ కాగితం ఉంటే సగం తగ్గుతాయి. కొత్తగా తీసుకునే కుటుంబాలకైతే మొదటి రోజే లక్ష్యం ఏమిటో, సుమారు ఎన్ని నెలలు వస్తారో చెప్పేయండి.

వచ్చే వారం ఆ ఇంటికి వెళ్లినప్పుడు పిల్లవాడిని మీరు ముట్టుకోకండి. చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుని, తల్లిని చేయమనండి. తను తడబడినప్పుడు మీ చెయ్యి దానంతటదే ముందుకు వెళుతుంది. వెనక్కి తీసుకోండి. తర్వాతి సందర్శనను వారానికి బదులు రెండు వారాలకు పెట్టి, ఆ మధ్యలో ఏం జరిగిందో ఆమెనే చెప్పమనండి. మూడు నెలలు ఇలా చేసి చూశాక కూడా అలసట తగ్గకపోతే, ఉద్యోగం మానే మాట అప్పుడు మళ్లీ రాయండి.