పాత ఎల్జిన్ జేబు గడియారం వయసు, ధర తెలుసుకోవడం ఎలా?

ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మే చోట) కొన్న ఎల్జిన్ అనే అమెరికా కంపెనీ గడియారం ఏ సంవత్సరానిదో, మూత లోపల ‘20 ఏళ్ల గ్యారంటీ’ ఏమిటో, పాత క్యాటలాగ్‌లో కనిపించిన ధర దీనికి వర్తిస్తుందో లేదో అడిగారు. ఒహాయోలో ఉంటూ చాలాకాలంగా ఇవి సేకరిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆ గ్యారంటీ గడియారానికి కాదు, కేస్ (గడియారం పైతొడుగు) మీది బంగారానికి. మధ్యలో మామూలు లోహం, పైన పలుచని బంగారు రేకు. ఆ రేకు అన్నేళ్లు అరగదని కేస్ చేసినవాళ్లు ఇచ్చిన మాట అది. అంటే గడియారం పూర్తి బంగారం కాదన్నమాట.

అసలు సంగతి ఇంకోటి ఉంది. అప్పట్లో ఎల్జిన్, వాల్తమ్ వంటి కంపెనీలు ఎక్కువగా మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) మాత్రమే అమ్మేవి. కేసులు కీస్టోన్, డ్యూబర్ లాంటివాళ్లు చేసేవారు. కొనేవాళ్లు నగల దుకాణంలో రెండూ విడిగా ఎంచుకుంటే, అక్కడే బిగించి ఇచ్చేవారు. అందుకే మూత మీది నంబర్‌తో వెతికితే తప్పుడు సంవత్సరం వస్తుంది. వెనక మూత తీసి, లోపల యంత్రం మీద చెక్కిన నంబర్ చూసి దానితో వెతకండి. చాలా మూతలు సీసా మూతలా తిప్పితే ఊడి వస్తాయి. చాకుతో మాత్రం లేపొద్దు, గీతలు పడితే బాధ మిగులుతుంది.

నా దగ్గర ఒక హోల్‌సేల్ క్యాటలాగ్ పునర్ముద్రణ ఉంది. అందులో మూవ్‌మెంట్లకు వేరే పేజీలు, కేసులకు వేరే పేజీలు. కేస్ మీది నగిషీని గుర్తుపట్టడానికి దాన్ని మించినది లేదు. ధరలను మాత్రం నమ్మొద్దు. దుకాణదారు ఆ పుస్తకాన్ని కొనేవాళ్లకు చూపించేందుకు వీలుగా ఎక్కువ రేట్లు వేసేవారు, అసలు తగ్గింపు వ్యాపారికి మాత్రమే తెలిసేది. ఇప్పటి విలువకైతే దానితో సంబంధమే లేదు, ఈమధ్య వేలాల్లో అలాంటివి ఎంతకు పోయాయో చూడాలి.

కేస్ మీద రైలింజన్ బొమ్మ ఉందని రైల్వే గడియారం అనుకోకండి. చవక మూవ్‌మెంట్లను కూడా అలాంటి కేసుల్లో అమ్మేవారు. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాక, క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్ చొరవతో రైల్వే గడియారాలకు గట్టి నియమాలు వచ్చాయి: కనీసం 17 జ్యువెల్స్ (యంత్రంలో రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), ఐదు భంగిమల్లో (ఎటు తిప్పి పెట్టినా) సరిగ్గా నడిచేలా సరిచేసిన యంత్రం, వారానికి 30 సెకన్లకు మించని తేడా.

నూనె ఎండిపోయి ఉండొచ్చు, సర్వీస్ చేయించకుండా కీ ఇచ్చి నడపకండి. మూవ్‌మెంట్ ఫోటో పెడితే జ్యువెల్స్, గ్రేడ్ (యంత్రం రకం) చూసి చెబుతాను.