అణాల గడిలో నలభై ఉంటే ఆ పత్రాన్ని నమ్మకండి

పాత పత్రంలో డబ్బు రాసిన పద్ధతిని బట్టి అది అసలుదో కాదో చెప్పొచ్చా అని అడిగారు. దొంగదని చెప్పొచ్చు. అసలుదని మాత్రం చెప్పలేం. ఈ తేడా తెలియకే మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ మాటల్లేవు.

సంతకాలు పోల్చి చూసేవాళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పాత కాగితం ఎక్కడైనా దొరుకుతుంది, టీ నీళ్లు చల్లితే కొత్తదానికీ ముసలి రంగు వస్తుంది. లెక్క రాసే అలవాటు మాత్రం అలా తెచ్చిపెట్టుకుంటే వచ్చేది కాదు.

మా తాతగారి పేరున ఉన్న ఒక పొలం చెక్క గురించి, వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన ఓ కాగితం తెచ్చాడు. 1953లో తాత దాన్ని వాళ్ల నాన్నకి 350 రూపాయలకి అమ్మేసినట్టు అందులో ఉంది. పెద్దవాళ్లంతా అరుగు మీద చేరి వేలిముద్ర దగ్గరే ఆగిపోయారు. ఆయన బొటనవేలేనని ఒకరు, కానే కాదని ఒకరు. భూతద్దం కూడా తెప్పించారు. నేను మాత్రం కాగితం మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాను. ధర దగ్గర ‘రు. 350-0-0 లు’ అని చక్కగానే ఉంది. ఇంకో నాలుగు వరసలు దిగితే ‘సాలుకి శిస్తు రు. 7-40’.

“బాబాయ్, అణాల్లో నలభై ఏంటి?” అన్నాను.

అప్పట్లో డబ్బుని రూపాయలు-అణాలు-పైలు అని మూడు గడుల్లో రాసేవారు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. కాబట్టి మధ్య గడిలో 15 దాటిన అంకె ఉండదు, చివరి గడిలో 11 దాటదు. ఆయన తడుముకోకుండా “అది డబ్బు కాదురా, ఏడెకరాల నలభై సెంట్లు” అన్నాడు. ఆ సమయస్ఫూర్తికి మెచ్చుకోవాలి, ఎకరాలూ సెంట్లూ కూడా అలా గీత పెట్టే రాస్తాం. కానీ ఆ చెక్క మొత్తం కొలిచినా మూడెకరాలు లేదు. పైగా ముందు ‘శిస్తు రు.’ అని రాసి పెట్టుంది. పెదనాన్న భూతద్దం పక్కన పెట్టి, “అణాలు ఖర్చుపెట్టి పెరిగినవాడివి, ఇది ఎవడి చేత రాయించావురా?” అన్నాడు. అసలు వంద రూపాయలు, ఆపైన ధర పలికే పొలం అమ్మకానికి అప్పుడు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పూటంతా వేలిముద్ర మీద కొట్టుకున్నవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు!

రూపాయికి వంద పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న వచ్చింది. 1964 జూన్ దాకా వాటిని నయా పైసలు అనేవారు. 1957కి ముందు తేదీ వేసిన పత్రంలో నయా పైసలు కనిపిస్తే ఇంక వేలిముద్రలతో పనిలేదు. తిరగేసి చూస్తే మాత్రం ఇది పనికిరాదు. 1959 నాటి ప్రామిసరీ నోటులో ‘నూటికి 0-12-0 వడ్డీ’ అని ఉన్నంత మాత్రాన దొంగదనకండి. సర్కారు మార్చిన మర్నాడే ఊళ్లో చేతులు మారవు, కొన్నాళ్లు పాత నాణేలూ కొత్త నాణేలూ కలిసే నడిచాయి. కూడికలు కూడా చూడండి. 12-12-0కి 8-8-0 కలిపితే 21-4-0 రావాలి. దశాంశాలతో పెరిగినవాడు అక్కడ 20-20-0 అని వేసి దొరికిపోతాడు. 2010లో వచ్చిన కొత్త రూపాయి గుర్తుని అరవైల నాటి రసీదు మీద అచ్చేసే మహానుభావుల గురించి చెప్పక్కర్లేదు.

పాత తెలుగు లెక్కల్లో పావుకి నిలువు గీత, వీసానికి, అంటే పదహారో వంతుకి, అడ్డగీత వేసేవారు. అణా అంటే రూపాయిలో వీసమేగా. ఆ గీతలు చూసి ఎవరో కొట్టేశారని, దిద్దారని అనుమానపడేవాళ్లున్నారు. బళ్లో ఎవరూ చెప్పరు, ఇంట్లో పెద్దల్ని మనం అడగం.

మీది తెలంగాణ వైపు పత్రమైతే ఇంకో చిక్కుంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి వేరు, బ్రిటిష్ వాళ్ల కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీలకి ఆరు కల్దారులు మారకం. అందుకని ఏ అప్పు పత్రంలోనైనా ‘116-10-8’ అని వింత మొత్తం కనిపిస్తే కంగారుపడకండి, అది సరిగ్గా వంద కల్దారు రూపాయలు. ఇలాంటి అంకె కల్పించాలంటే ఆ మారకం తెలిసుండాలి. నా లెక్కలో అది పది సాక్షి సంతకాల పెట్టు.

దయచేసి ఆ పత్రాన్ని లామినేషన్ చేయించకండి. ‘భద్రంగా ఉంటుంది’ అని అందరూ చేసే పని ఇదే. ఆ తర్వాత సిరా కాగితంలోకి ఇంకిందో, పైపైన ఉందో ఎవరూ చూడలేరు. మసక ఫోటో వాట్సాప్‌లో పెట్టి ‘అసలుదేనా అన్నా’ అని కూడా అడగొద్దు. స్టాంపు కాగితమైతే వెనక వైపు వెండరు వేసిన తేదీ ఉంటుంది, ముందు అది చదవండి.