కొత్త స్పెషల్ టీచరమ్మ వస్తోందట కదా, అల్లుడూ

అల్లుడూ,

నీకు హెచ్‌ఎం ప్రమోషన్ వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత మురిసిపోయానో. ఆ వెంటనే "వాడి స్కూల్‌కి స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ కూడా వస్తోందట వదినా, నువ్వు చేసిన ఉద్యోగమే" అంది చూడు, అప్పటినుంచి ఒకటే టెన్షన్. నువ్వు చెడ్డవాడివని కాదురా. మంచి హెచ్‌ఎంల దగ్గరనుంచే ఆ టీచర్లు వెళ్లిపోవడం చూశాను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

మా రోజుల్లో మేమంతా కాంట్రాక్టే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత సెంటర్, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకి వెళ్లి పాఠాలు, జీతం మాత్రం ఏ నెలది ఏ నెలలో పడుతుందో తెలియదు. 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రైమరీలో పదిమందికి ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని. 2024 డీఎస్సీలో మన తెలంగాణలో 220 స్కూల్ అసిస్టెంట్, ప్రైమరీ తరగతులకి 796 ఎస్జీటీ పోస్టులు ఈ పిల్లల కోసమే ఇచ్చారు. అందులో ఒక పోస్టు నీ బడికి వచ్చిందంటే అది ఎంతమంది ఎన్నేళ్లు ఎదురుచూసిందో నీకు తెలియాలి.

గది కిందే ఇవ్వు, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, ర్యాంపు ఉండాలి, తాళం పడే బీరువా ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో ఆమెకో కుర్చీ వెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఇప్పుడు చెప్తా. నేను పనిచేసిన చుట్టుపక్కలే ఒక బడి, పేరెందుకులే. హెచ్‌ఎం గారు దేవుడులాంటి మనిషి. కొత్తగా ఒక అమ్మాయి చేరింది, చేతిలో ఐదుగురు పిల్లలు. లెక్కల సారు లాంగ్ లీవ్ పెడితే అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌లో ఈ అమ్మాయి పేరు రాశారు. "నీకు ఐదుగురే కదమ్మా, కాస్త ఎనిమిదో తరగతి చూసుకో" అని. ఆ తర్వాత బడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే యూడైస్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు. చదువు రాని పిల్లలందర్నీ, అల్లరి పిల్లలందర్నీ కూడా "నీ గదిలో కూర్చోబెట్టుకో" అని పంపడం మొదలైంది. ఆయన దృష్టిలో ఆమె ఖాళీగా ఉంది, పాపం బోర్ కొట్టకుండా పనిస్తున్నాడు. ఆ ఐదుగురిలో ఆటిజం ఉన్న బాబు ఒకడు. దాహమేస్తే తల గోడకి కొట్టుకునే పిల్లాడికి, నీళ్ల గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తీసి ఇవ్వడం నేర్పింది. ఎన్ని వారాలు పట్టిందో ఆమెకే తెలుసు. అలాంటి పని రోజూ అదే టైమ్‌కి, అదే మనిషి, అదే చోట చెయ్యాలిరా, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి వస్తుంది. ఆమె ఎనిమిదో తరగతిలో పాఠం చెప్తుంటే ఈ బాబు కార్డులు విసిరేసి మళ్లీ తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు, ఒకరోజు పక్క పిల్లాడిని కొరికాడు. తల్లిదండ్రులొచ్చి గొడవ. అందరూ ఆ అమ్మాయినే అడిగారు, "నువ్వెక్కడున్నావ్?" అని. ఎక్కడుందో రిజిస్టర్‌లో రాసింది ఎవరో ఒక్కరూ అడగలేదు. బాబు బడికి రావడం మానేశాడు. ఆమె గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంట్‌గా వెళ్లిపోయింది. ఫైళ్లు కొరకవు కదా మేడమ్ అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

అందుకే అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌లో ఆమె పేరు రాయకు. ఎవరు అడిగినా రాయకు. కొత్తలో ఆమె కాదనలేదు, కాబట్టి ఆ మాట నువ్వే స్టాఫ్ మీటింగ్‌లో మొదటి వారమే చెప్పు.

ఇంకోటి. ఆమె ఏ స్పెషలైజేషన్ చదివిందో అడుగు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వీళ్ల చదువేమో ఎక్కువగా ఒక్కోదాని మీదే ఉంటుంది. వినికిడి లోపం మీద చదివిన అమ్మాయి ముందు సెరెబ్రల్ పాల్సీ పాపని కూర్చోబెట్టి "స్పెషల్ టీచర్‌వి కదా" అంటే లోపల వణికిపోతుంది, పైకి చెప్పదు. భవిత సెంటర్‌లో అనుభవమున్న ఐఈఆర్‌పీ, అంటే ఈ పిల్లలకి చెప్పే రిసోర్స్ టీచర్, ఎవరో కనుక్కుని ఆమెతో కలుపు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది కదా, ఆ నీపిడ్‌లోనో ఇంకెక్కడో స్పెషల్ టీచర్లకిచ్చే సీఆర్‌ఈ ట్రైనింగ్ ఉందంటే ఆన్ డ్యూటీ ఇచ్చి పంపు, మొహం చిట్లించకు. స్పెషల్ టీచర్లని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఆ ట్రైనింగ్ పాయింట్లు కావాలి.

నా భయం ఒకటుంది, నవ్వుకున్నా సరే. ఫిట్స్. గదిలో ఆమెని ఒంటరిగా వదలొద్దు, ఆయానో ఎవరో పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. ఏ పిల్లలకి ఫిట్స్ వస్తాయో, ఏ మందు వాడుతున్నారో మొదటి రోజే రాయించు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పొయ్యకూడదు, చేతిలో తాళాలు పెట్టి జనం మూగకూడదు, టైమ్ చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108. ఇది స్టాఫ్ అందరికీ రావాలి, అటెండర్‌తో సహా.

వేసవి సెలవుల్లో మా సెంటర్‌కి వచ్చేవాడివి, గుర్తుందా? థెరపీ బంతి నాదంటే నాదని అక్కడి పిల్లాడితో కొట్లాడావు, నీ వీపు మీద ఒక్కటిచ్చాను. తర్వాత అనిపించింది, వాడిని జాలిగా చూడకుండా సమానంగా కొట్లాడింది నువ్వొక్కడివేనని. ఆ దెబ్బ వెయ్యకుండా ఉండాల్సిందిలే.

ఆమె చేరగానే నా నంబరివ్వు. రాత్రి తొమ్మిది దాటాక చెయ్యమను, అప్పటికి నా సీరియల్ అయిపోతుంది. పిల్లల గురించి, పేరెంట్స్ గురించి, నీ గురించి ఏం చెప్పినా వింటాను. నీకు మాత్రం చెప్పను, నువ్వు అడగకు.

మీ అత్త